సిక్కోలు తీరంలో డాల్ఫిన్లను చూడటం, వినడం: గట్టు మీద నుంచి బోటు దాకా

కంటి వెనక తెల్ల మచ్చ, మనిషంత ఎత్తున వీపు రెక్క. ఫోన్లలో తిరిగే ఓర్కా (కిల్లర్ వేల్) వీడియోలు చూసి కళింగపట్నమో బారువో బయల్దేరేవాళ్లకి ముందుగా ఒక మాట. ఓర్కా మన తీరంలో రోజూ కనిపించే జీవి కాదు. శ్రీలంక చుట్టూ, అండమాన్, లక్షద్వీప్ నీళ్లలో అప్పుడప్పుడు చూసినవాళ్లున్నారు. దాని కోసమే వస్తే ఒట్టి చేతులతో వెళ్తారు. ఓర్కా కూడా డాల్ఫిన్ కుటుంబంలోదే, అందరికన్నా పెద్దది. దాని చుట్టాలు మాత్రం ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా ఉన్న సుమారు 193 కిలోమీటర్ల శ్రీకాకుళం తీరంలోనూ, పూసపాటిరేగ, భోగాపురం మండలాల విజయనగరం తీరంలోనూ ఉన్నాయి. గుంపును వెతకడం, దూరం అంచనా వేయడం, నీళ్లలోకి మైకు దించడం ఓర్కాకైనా వీటికైనా ఒకటే పని. ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడైనా పనికొస్తుంది.

ఇంకో మాట. బోటు ఎక్కడం చివరి మెట్టు. కనీసం పది పొద్దులు గట్టు మీద నిలబడి చూడటం అలవాటు కాకుండా బోటు ఎక్కితే డీజిల్ తగలేయడమే తప్ప ఒరిగేది ఉండదు.

ఎక్కడ నిలబడాలి

ఇసుక మీద, నీటి అంచున నిలబడకండి. కళ్లు నీటి మట్టానికి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే క్షితిజం 4.5 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, మధ్యలో ప్రతి కెరటమూ అడ్డం. లెక్క చిన్నదే: కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే క్షితిజం దూరం కిలోమీటర్లలో వస్తుంది. సరుగుడు తోట పక్కన 5 మీటర్ల ఇసుక దిబ్బ ఎక్కితే కన్ను 6.6 మీటర్ల ఎత్తుకి చేరుతుంది, క్షితిజం 9 కిలోమీటర్లు దాటుతుంది. లైట్‌హౌస్ మీద 20 మీటర్ల ఎత్తులో అయితే 16. అంత దూరంలో డాల్ఫిన్ కనిపిస్తుందని కాదు. బైనాక్యులర్స్‌తో కూడా 2, 3 కిలోమీటర్లు దాటితే రెక్కని నమ్మలేం. ఎత్తు వల్ల అసలు లాభం వేరే: కెరటాల మధ్య పల్లాల్లోకి చూపు దిగుతుంది. కళింగపట్నం, బారువ, చింతపల్లి లైట్‌హౌస్‌లకి సందర్శకుల వేళలు ముందే కనుక్కోండి.

స్థలం ఎంచుకునేటప్పుడు నది మొగలకి, అంటే నది సముద్రంలో కలిసే చోట్లకి, మొదటి మార్కు వేయండి. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, డొంకూరు దగ్గర బాహుదా, కోనాడ దగ్గర చంపావతి. మూపురం (హంప్‌బ్యాక్) డాల్ఫిన్లు లోతు తక్కువ నీళ్లను, మొగలను విడిచి దూరం పోవు. పోటు తీసి పాటు మొదలయ్యాక నదిలోంచి చిన్న చేప నీటితో పాటు బయటికి వస్తుంది, కాబట్టి ఆ రెండు మూడు గంటలు మొగ బయట అంచుని వదలొద్దు. మన తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటరు. అష్టమి, నవమి రోజుల్లో అది బాగా తగ్గి, మొగ దగ్గర ప్రవాహం మందగిస్తుంది.

గాలి, ఎండ

ఇక్కడ గాలికీ ఎండకీ పొత్తు కుదరదు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం మీదకి సన్నని గాలి వీస్తుంది, గట్టు దగ్గర నీళ్లు నూనె పోసినట్టు ఉంటాయి. చూడటానికి అదే అసలైన వేళ. కానీ మన తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంది, పొద్దున సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. పది, పదకొండు దాటేసరికి ఎండ నెత్తిమీదకి వస్తుంది, అదే సమయానికి సముద్రం గాలి లేచి నురగలు మొదలవుతాయి.

చేయాల్సింది ఏమిటంటే, మెరుపు దారిని వదిలేసి పక్కలు చూడటం. డిసెంబరు, జనవరిలో సూర్యుడు తూర్పుకి బాగా దక్షిణంగా ఉదయిస్తాడు, కాబట్టి మెరుపు సరిగ్గా మీ ముందే పడుతుంది. అప్పుడు ఎడమన ఈశాన్యం వైపు, కుడిన నైరుతి వైపు రెండు ముక్కలుగా చూడండి. మార్చి దాటాక సూర్యుడు ఎడమకి జరుగుతాడు, ముందున్న నీళ్లూ కుడి పక్కా తేటపడతాయి. పోలరైజ్డ్ కళ్లద్దాలు సగం బాధ తీరుస్తాయి. మబ్బు పట్టి గాలి లేని రోజు దొరికితే పని మానుకునైనా వెళ్లండి. నీళ్ల మీద బూడిద రంగు పరుచుకున్నప్పుడు నల్లటి రెక్క దాక్కోలేదు.

సముద్రం బాగుందో లేదో తేల్చడానికి నురగే కొలత. ఎక్కడా తెల్ల నురగ లేకపోతే చూడండి. అక్కడక్కడ మొదలైతే పెద్ద గుంపులు తప్ప దొరకవు. సముద్రమంతా తెల్లగా ఉంటే ఇంటికి వెళ్లండి. అప్పుడు చూసి "ఏమీ లేవు" అని రాసుకోవడం తప్పుడు లెక్క. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ప్రకటించే అలల ఎత్తు, ఉప్పెన అలల అంచనాని ముందురోజు రాత్రే చూసుకోండి.

కాలం సంగతి. జనవరి నుంచి మార్చి దాకా మంచి రోజులు ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ఇంజను బోట్లకి వేట నిషేధం. బోటు దొరకదు కానీ ఇంజను చప్పుడు తగ్గే రోజులు అవే, గట్టు మీంచి చూసేవాళ్లకి వరం. జూలై నుంచి వంశధార బురద నీళ్లు చాలా దూరం పరుచుకుంటాయి. అక్టోబరులో తుపాన్ల సంగతి 2018 అక్టోబరు 11న తిత్లీని చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

చూసే పద్ధతి

బైనాక్యులర్స్ 8x42 లేదా 7x50 తీసుకోండి. 10 రెట్లు పెద్దవి చేస్తే చెయ్యి వణుకు కూడా పది రెట్లవుతుంది, స్టాండు లేకపోతే పనికిరాదు. ముందు ఐదు నిమిషాలు ఉత్త కళ్లతో మొత్తం నీళ్లు చూడండి. వెతకాల్సింది రెక్క కోసం కాదు. పిట్టలు ఒకచోట మూగి నీళ్లలోకి దూకుతున్నాయా, నునుపు నీటి మీద ఒకచోట మాత్రం గరుకు ఉందా, ఎక్కడైనా తెల్లటి చిమ్ము లేచి ఆగిపోయిందా చూడాలి. కవ్వళ్లు, కానాగంతలు గుంపు కట్టినచోట పిట్టలు పైనుంచి, డాల్ఫిన్లు కింద నుంచి వస్తాయి.

తర్వాత బైనాక్యులర్స్‌తో ఎడమ నుంచి కుడికి, క్షితిజం కిందుగా మెల్లగా జరపండి. 90 డిగ్రీలకి కనీసం పది నిమిషాలు. చాలామంది ఒక్క నిమిషంలో తిప్పేసి లేవంటారు. మూపురం డాల్ఫిన్ దాదాపు నిమిషం పాటు, ఒక్కోసారి మూడు నాలుగు నిమిషాలు నీటి కింద ఉంటుంది. పైన ఉండేది ఒకటి రెండు సెకన్లు. వేగంగా తిప్పితే లెక్క ప్రకారమే తప్పిపోతుంది. కనిపించగానే ఆ చోటుకి వెనక క్షితిజం మీద ఏదైనా గుర్తు పెట్టుకుని అక్కడే ఉండండి.

దూరానికి ఒక చిట్కా. చెయ్యి బారుగా చాపితే చిటికెన వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ. మన ఫైబర్ బోటు పొడవు 9 మీటర్లనుకుంటే, అడ్డంగా నిలిచిన బోటు సరిగ్గా చిటికెన వేలంత కనిపిస్తే అది 500 మీటర్ల దూరం. అందులో సగం కనిపిస్తే కిలోమీటరు. డాల్ఫిన్లు దానికి ఇవతలో అవతలో ఉన్నాయన్నది చూసి రాసుకోండి. ఊహించి చెప్పే దూరం దాదాపు ఎప్పుడూ ఎక్కువో తక్కువో ఉంటుంది, నీళ్ల మీద మరీను.

ఏది ఏమిటి

మూపురం డాల్ఫిన్‌ది పొడుగాటి మూతి, వీపు మీద గూని, దాని మీద చిన్న త్రికోణం రెక్క. పైకి వచ్చేటప్పుడు మూతి ముందు ఏటవాలుగా లేస్తుంది, తర్వాత వీపు ఒంగుతుంది. కొద్దిమంది గుంపు. బోటుకి దూరంగా జరుగుతుంది. బాటిల్‌నోస్ డాల్ఫిన్‌కి కొడవలిలా వంగిన ఎత్తైన రెక్క, పొట్టి మూతి. బోటు ముక్కు దగ్గర కెరటం మీద స్వారీ చేసేది చాలాసార్లు ఇదే. స్పిన్నర్లు లోతు నీళ్లవి, వంజరం వేటకి దూరం వెళ్లేవాళ్లకి కనిపిస్తాయి. వందల గుంపు, గాల్లోకి ఎగిరి పొడుగు అక్షం మీద బొంగరంలా తిరిగిందంటే ఇంక వేరే ఆధారం అక్కర్లేదు.

కష్టమంతా రెక్కలేని పోర్పాయిస్‌తోనే. మనిషంత పొడవే ఉంటుంది, వీపు రెక్క లేదు, గెంతదు, చప్పుడు చేయదు. నీటి మీద లారీ ట్యూబు ముక్క తేలి మునిగినట్టు ఉంటుంది. నున్నటి నీళ్లు లేకపోతే ఇది కనపడే అవకాశమే లేదు. చాలామంది దీన్ని మొదటిసారి చూసేది వలలో చిక్కి చచ్చాకే.

సొరచేపా డాల్ఫినా అనే సందేహానికి తోక చూడండి. సొర తోక నిలువు, పక్కలకి ఊపుతుంది. డాల్ఫిన్ తోక అడ్డం, పైకీ కిందకీ ఊపుతుంది. అందుకే డాల్ఫిన్ రెక్క చక్రంలా లేచి మునుగుతుంది, సొర రెక్క కత్తిలా నేరుగా కోసుకుంటూ పోతుంది. వల గుర్తుకి కట్టిన వెదురు కర్రా నల్ల జెండా కూడా కొత్తవాళ్లని బాగా మోసం చేస్తాయి, అది మాత్రం ఎంతసేపు చూసినా మునగదు.

పొట్టి మూతి కూడా లేకుండా గుండ్రటి తల, చిన్న రెక్క ఉంటే ఇరవాడి డాల్ఫిన్ అయి ఉండొచ్చు. వాటి పేరున్న గుంపు పైన ఒడిశాలో, చిలికా సరస్సులో ఉంది. మన వైపు అలాంటిది కనిపిస్తే ఫొటో లేకుండా ఎవరికీ చెప్పకండి, నమ్మరు.

బోటు మీద

బోటు మాట్లాడే ముందు రేవులో అడగండి. "అన్నా, ఈ వారం గుంపు ఏ పక్క కనపడింది, ఏ చేప వెనకాల?" అంటే చాలు. "నిన్న పొద్దున్న కానాగంతల ఎనకాల వచ్చాయి, ఇయ్యాల నేవు" లాంటి ఒక్క జవాబు మూడు గంటల తిరుగుడు తప్పిస్తుంది. వల వేసే వేళలో వెంట రావాలని పట్టుబట్టకండి. అది వాళ్ల కూలి.

మన తీరంలో ఎక్కువ ఊళ్లకి జెట్టీ లేదు. ఇసుక మీంచి తెప్పని నెట్టి, విరిగే కెరటాల్లోంచి దాటించాలి. ప్రమాదం అక్కడే, నడి సముద్రంలో కాదు. లైఫ్ జాకెట్ గట్టు మీదే తొడుక్కోవాలి, కెమెరా రికార్డరు నీరు చొరని డబ్బాలో ఉండాలి, కెరటాల వరస దాటేదాకా బోటువాళ్లు చెప్పినచోట కూర్చోవాలి. బయటివాళ్లు వేట బోటు ఎక్కుతున్నప్పుడు దగ్గరి మెరైన్ పోలీసు స్టేషన్లో ముందుగా చెప్పడం తప్పనిసరి అనుకోండి. తీగలు, పెట్టెలు నీళ్లలోకి దించేవాళ్లని చూస్తే అనుమానం రావడం సహజం. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554.

గుంపు కనిపించాక 50 మీటర్ల కన్నా దగ్గరికి మీరు వెళ్లొద్దు, తిమింగలమైతే 100. అవి వస్తే వేరే సంగతి. ఎదురుగా అడ్డం పడకూడదు, వెనక నుంచి తరమకూడదు. పక్కన, కొంచెం వెనగ్గా చేరి, వాటి దారికి సమాంతరంగా, వాటి వేగంతోనే నడపాలి. వేగం ఒక్కసారిగా పెంచడం తగ్గించడం, గేరు మార్చడం నీటి కింద పెద్ద చప్పుడు. పిల్ల ఉన్న గుంపుని వదిలేయండి. తల్లి పదేపదే దిశ మార్చినా, ఉన్నట్టుండి అన్నీ కలిసి ఎక్కువసేపు మునిగినా, తోకతో నీళ్లు కొట్టినా వెళ్లిపొమ్మని చెప్పినట్టే. ఇరవై నిమిషాలు చాలు. డాల్ఫిన్లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనివి, తరమడం కూడా వేట కిందికే వస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం తన తీరంలోని 'సదరన్ రెసిడెంట్' అనే ఓర్కాల దగ్గరికి 1000 గజాల లోపు బోట్లు రాకూడదని 2025 నుంచి చట్టం చేసింది. కారణం చప్పుడే: ఇంజను మోతలో వాటికి చేప వినపడదు.

నీటి మైకు తయారీ

కొనేది వేలల్లో ఉంటుంది. మొదట చేసుకోవడమే మంచిది, పాడైనా బాధ ఉండదు. కావలసినవి: 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల (బజ్జర్లలో ఉండే ఇత్తడి బిళ్ల), 10 మీటర్ల షీల్డు మైకు తీగ, నెమ్మదిగా గట్టిపడే రకం ఆరల్డైట్, 3.5 మిల్లీమీటర్ల పిన్ను, వల బెండు ఒకటి, 300 నుంచి 500 గ్రాముల సీసం గుళ్లు, పాత సైకిల్ ట్యూబు. విశాఖలో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల కొట్లలో మొదటి నాలుగూ దొరుకుతాయి, మిగతావి ఏ రేవులోనైనా.

తీగ లోపలి కండె బిళ్ల మధ్య తెల్లటి పూతకి, పైన అల్లిన షీల్డు ఇత్తడి అంచుకి అతకాలి. తిప్పి అతికితే బిళ్ల వంద రకాల గోల లాగుతుంది. తెల్ల పూత మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లు మించి ఉంచితే వెండి పూత ఊడి వస్తుంది, ఇంక ఆ బిళ్ల చెత్తబుట్టకే. అందుకే నాలుగైదు కొనుక్కోండి. అతికాక రికార్డరుకి తగిలించి బిళ్లని వేలితో తట్టి చూడండి, ఆరల్డైట్ పోశాక మరమ్మతు లేదు.

బిళ్ల రెండు వైపులా గరుకు కాగితంతో సన్నగా గీసి, తీగ చివర నాలుగు సెంటీమీటర్లు కూడా గీసి, స్పిరిట్‌తో తుడవండి. పీవీసీ మీద జిడ్డు ఉంటే ఆరల్డైట్ పట్టదు, నీరు దూరేది సరిగ్గా అక్కడే. చిన్న ప్లాస్టిక్ మూతలో బిళ్లని నిలిపి, రెండు ట్యూబుల్లోంచి సమానంగా తీసి బాగా కలిపి, అన్ని వైపులా మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం వచ్చేలా పోయండి. గాలి బుడగలు ఉండకూడదు. నీటిలోంచి వచ్చే చప్పుడు గాలి బుడగకి తగిలి వెనక్కి పోతుంది. మూతని ఎండలో కాసేపు వెచ్చబెట్టి పోస్తే బుడగలు పైకి తేలిపోతాయి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం వాడొద్దు, కొన్నాళ్లకే నీరు పీలుస్తుంది. రెండు రోజులు కదపకండి. తర్వాత ఉప్పు నీళ్ల బక్కెట్లో రాత్రంతా ఉంచి, పిన్ను దగ్గర మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. మెగా ఓముల్లో ఏమీ చూపకపోతే బాగుంది. ఒక మెగా ఓము కన్నా కింద చూపిస్తే నీరు చొరబడింది.

ఇక యాంప్లిఫయర్. ఇక్కడే చాలామంది తప్పుతారు. పీజో బిళ్ల ఒక కెపాసిటర్ లాంటిది, 27 మిల్లీమీటర్ల దానికి సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని నేరుగా రికార్డరు మైకు రంధ్రంలో పెడితే, ఆ రంధ్రం నిరోధం కొన్ని వేల ఓములే కాబట్టి కింది స్వరాలు కోసుకుపోతాయి. 3 కిలో ఓములైతే 2650 హెర్ట్జ్ కింద అంతా పలచబడుతుంది. అందుకని పుస్తకాల్లో 1 మెగా ఓము పెట్టమంటారు. అప్పుడు 8 హెర్ట్జ్ దాకా వస్తుంది, దాంతోపాటు బోటుకి తగిలే ప్రతి కెరటం దెబ్బా వచ్చి రికార్డింగు నిండిపోతుంది. డాల్ఫిన్ ఈలలు చాలావరకు 2 కిలోహెర్ట్జ్ పైనే. కాబట్టి 47 కిలో ఓములు పెట్టండి. కోత 170 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, కెరటాల గుద్దులు తగ్గుతాయి, ఈలలకి నష్టం లేదు. టీఎల్072 చిప్పు, 9 వోల్టుల బ్యాటరీ, 10 కిలో, 100 కిలో ఓముల జతతో 11 రెట్ల పెంపు సరిపోతుంది. అంతకన్నా పెంచితే చిప్పు సొంత బుసే వినిపిస్తుంది. మొత్తం చిన్న రేకు డబ్బాలో పెట్టి డబ్బాని షీల్డుకి కలపండి.

రికార్డరు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, వేవ్ ఫైలు. ఎంపీ3 వద్దు, పై స్వరాలని కోసేస్తుంది. ఆటో లెవెల్ ఆపేసి, పెద్ద చప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టండి. ఫోను వాడక తప్పకపోతే నాలుగు పట్టీల పిన్ను కావాలి. మామూలు రికార్డింగు యాప్ మనిషి గొంతు తప్ప మిగతాది గోల అనుకుని చెరిపేస్తుందని గుర్తుంచుకోండి. ఈల ఉన్నా ఫైల్లో ఉండదు.

దించడం, వినడం

ఇంజను ఆపాలి. న్యూట్రల్ కాదు, పూర్తిగా. చేపల జాడ చూపే ఎకో సౌండర్ ఉంటే అదీ కట్టేయాలి, లేకపోతే దాని టిక్కుటిక్కునే డాల్ఫిన్ అనుకుంటారు. మైకు తీగని నేరుగా బోటు అంచుకి కట్టొద్దు. బోటు ఊగినప్పుడల్లా మైకు పైకీ కిందకీ పోతుంది, బుస్సు బుస్సుమంటుంది. తీగని వల బెండుకి కట్టి, బెండుకీ మైకుకీ మధ్య సైకిల్ ట్యూబు ముక్కని సాగేలా పెట్టి, సీసం గుళ్లని మైకుకి ఒక మీటరు కింద వేలాడదీయండి. బెండుని బోటుకి ఐదారు మీటర్ల దూరం తేలనివ్వండి. నీటి లోతు 10 మీటర్లుంటే మైకు 4, 5 మీటర్ల దగ్గర ఉండాలి. పైన కెరటం గోల, అడుగున రొయ్యల గోల.

ఆ రొయ్యల గోల మొదటిసారి విన్నవాళ్లు తీగ పాడైందనుకుంటారు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఆగకుండా ఉంటుంది. పిస్టల్ రొయ్యలు పెద్ద గోరు మూసినప్పుడు పుట్టే బుడగ పగిలే చప్పుడది. రాళ్లు ఎక్కువున్న చింతపల్లి లాంటి చోట మరీ ఎక్కువ. రాత్రి పూట కచిడి చేప కుటుంబంలోవి గాలితిత్తి ఆడించి గుర్రుగుర్రుమంటాయి. అవి చాలా కింది స్వరాలు.

డాల్ఫిన్ చప్పుళ్లు మూడు రకాలు. ఒకటి ఈల: పైకి ఎక్కి దిగే సన్నని కూత, సెకను లోపే. బాటిల్‌నోస్ డాల్ఫిన్లలో ప్రతి ఒక్కదానికీ తనదైన ఈల ఉంటుంది, పేరు లాంటిది. రెండోది టిక్కుల వరస: దారి, చేప వెతుక్కోవడానికి. దూరంగా ఉన్నప్పుడు విడివిడిగా టిక్ టిక్ అని, చేపకి దగ్గరయ్యేకొద్దీ నూనె లేని తలుపు బందులా కిర్రుమని, చివరికి జుయ్యిమని కలిసిపోతుంది. అలా జుయ్యిమన్న చోట వేట జరుగుతోందని రాసుకోవచ్చు. మూడోది బెలూన్ మీద తడి వేలు రుద్దినట్టుండే కీచు, గుంపు లోపలి కొట్లాటలూ పలకరింపులూ.

టిక్కుల అసలు బలం 100 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, మన చెవి 20 దాటదు. మనకి వినపడేది దాని అంచు మాత్రమే. పైగా టిక్కు టార్చిలైటు వెలుగులా ముందుకే పోతుంది, అది మీ మైకు వైపు తిరిగినప్పుడే గట్టిగా తగులుతుంది. రెక్కలేని పోర్పాయిస్ అయితే ఈలే వేయదు, దాని టిక్కులు 120 కిలోహెర్ట్జ్ పైనే. 96 కిలోహెర్ట్జ్ రికార్డరు 48 దాకానే పట్టగలదు కాబట్టి అది మైకు పక్కనే తిరిగినా ఫైలు ఖాళీగా ఉంటుంది. దానికి 384 కిలోహెర్ట్జ్ రికార్డరు, అంత పైకి పనిచేసే మైకు కావాలి.

ఏ పక్క నుంచి వస్తోందో చెవితో చెప్పే ప్రయత్నం చేయకండి. నీటిలో చప్పుడు సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లు పైన. ఒక్క మైకుతో దిశ తెలియదు. ఒకరు వింటుంటే ఇంకొకరు చుట్టూ చూస్తూ, రెండు వాచీలూ ఒకే టైముకి పెట్టుకుని రాసుకోవడమే మార్గం.

ఇంటికొచ్చాక కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్, అంటే చప్పుడు బొమ్మ, చూడండి. ఈల వంపు తిరిగిన గీతలా, టిక్కు నిలువు గీతలా, ఇంజను కింద పరుచుకున్న అడ్డ గీతల్లా కనిపిస్తాయి. చెవి వదిలేసినవి కంటికి దొరుకుతాయి.

చెవికి తర్ఫీదు కావాలంటే ఓర్కాలే మంచి గురువులు. వాటి పిలుపులు గట్టివి, మన వినికిడి హద్దులోనే ఉంటాయి. వాషింగ్టన్ తీరంలో ఓర్కాసౌండ్ వాళ్ల నీటి మైకులు నెట్‌లో ప్రత్యక్షంగా వినిపిస్తాయి. వేసవిలో మనకి రాత్రి 9 అంటే అక్కడ పొద్దున్న 8:30. అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాల్లో జె, కె, ఎల్ అనే గుంపులకి వేటి పిలుపుల జాబితా వాటిదే, ఒకే భాషలో ఊరికో యాస ఉన్నట్టు. అదే నీళ్లలో సీళ్లని తినే వేరే రకం ఓర్కాలు వేటప్పుడు దాదాపు నోరు విప్పవు, సీలుకి చెవులున్నాయి కనుక. మైకులో ఏమీ రాలేదంటే అక్కడ ఏమీ లేదని కాదు.

పుస్తకంలో ఏం రాయాలి

తేదీ, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, చోటు, నురగ స్థితి, పోటా పాటా. కనిపించినప్పుడు దిశ, దూరం, ఎన్ని (తక్కువలో తక్కువ, మీ అంచనా, ఎక్కువలో ఎక్కువ), పిల్లలు, ఏం చేస్తున్నాయి, దగ్గర్లో ఎన్ని బోట్లు. ఏమీ కనపడని రోజులూ రాయాలి. ఎన్ని గంటలు చూస్తే ఎన్నిసార్లు కనిపించాయన్న లెక్క ఆ ఖాళీ రోజుల నుంచే వస్తుంది. ఫొటో తీస్తే రెక్కని పక్క నుంచి, షట్టరు సెకనులో వెయ్యో వంతు లేదా అంతకన్నా వేగంగా; రెక్క వెనక అంచు మీది గాట్లే వేలిముద్రలు. కెనడాలో శాస్త్రవేత్త మైకేల్ బిగ్ 1970ల్లో ఓర్కాలని ఒక్కొక్కటిగా గుర్తించింది ఇలాగే. మీ లెక్కలు మెరైన్ మామల్ రీసెర్చ్ అండ్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ ఆఫ్ ఇండియాకి పంపితే దేశం మొత్తం జాబితాలో చేరతాయి.

నిజంగానే ఓర్కా కనిపించిందనుకుంటే కంటి వెనక తెల్ల మచ్చ, రెక్క వెనక బూడిద రంగు జీను ఫొటోలో పడాలి. మగదాని రెక్క 1.8 మీటర్ల దాకా నిలువుగా ఉంటుంది. ఒళ్లంతా నలుపై, వంగిన మామూలు రెక్క ఉండి 5, 6 మీటర్ల పొడవుంటే అది ఫాల్స్ కిల్లర్ వేల్, వేరే జాతి.

గట్టుకి కొట్టుకొస్తే

ప్రాణంతో ఉంటే తోకా రెక్కలూ పట్టి లాగొద్దు, వెంటనే నీళ్లలోకి నెట్టొద్దు. పొట్ట మీద బోర్లా ఉంచి, పక్క రెక్కల కింద ఇసుకలో గుంటలు తీసి, తడి గుడ్డలు కప్పి, నీడ కట్టాలి. తల మీది ముక్కు రంధ్రం మీద గుడ్డ కప్పకూడదు, అందులో నీళ్లు పడకూడదు. జనాన్నీ కుక్కల్నీ దూరం పెట్టి అటవీ శాఖకి ఫోను చేయండి. చచ్చినదైతే ఒట్టి చేతులతో తాకకుండా మూతి కొస నుంచి తోక మధ్య చీలిక దాకా నేరుగా పొడవు కొలిచి, తల, రెక్క, పొట్ట, పళ్లు, ఒంటి మీది వల గాట్లు ఫొటోలు తీయండి. అటవీ సిబ్బంది వచ్చేదాకా పూడ్చనివ్వకండి.